మూతి దగ్గర ఆగిన మిషను

కసిమీరా మొహాలు అమ్మి బతుకుతుంది. నవ్వకండి, నిజంగా మొహాలే. ప్లాస్టరుతో పోతపోసి, బుగ్గలకు గులాబి రంగూ కనుబొమలకు నల్లరంగూ అద్ది, అక్టోబరు నెలంతా ఎల్ ఆల్తో ఊళ్ళో తన ఇంటి గుమ్మం ముందు బల్ల మీద వరసగా పరుస్తుంది. నవంబరు ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి చనిపోయినవాళ్ళు ఇళ్ళకు వస్తారు, మర్నాడు పన్నెండింటికి వెళ్ళిపోతారు. వచ్చేవాళ్ళ పేరున ఇంటింటా రొట్టెతో మనిషిబొమ్మ కాలుస్తారు. ఆ రొట్టెకు మొహం ఉండొద్దూ? ఆ మొహం కసిమీరా ఇస్తుంది.

ఆమె దగ్గరున్న చెక్క అచ్చులు తండ్రి చెక్కినవి. నలభై ఏళ్ళుగా పోసి పోసి వాటిలో ముక్కులు అరిగిపోయాయి. "ఏంటి కాసేరా, మీ దగ్గర చచ్చినవాళ్ళందరికీ చప్పిడి ముక్కులేనా?" అని కొనేవాళ్ళు ఎకసెక్కాలాడేవారు. కాసేరా అంటే అక్కడ అమ్మే ఆడవాళ్ళను పిలిచే పిలుపు. కొత్తగా చెక్కే చెయ్యి ఆ వీధిలో లేదు. అందుకే ఆమె మొగుడు ఫెర్మీన్ పాతసామాన్ల సంత నుంచి ఒక చిన్న మిల్లింగ్ మిషను మోసుకొచ్చాడు. తిరిగే కత్తి, దాని కింద చెక్కను బిగించే బల్ల, ఆ బల్లను ముందుకీ పక్కకీ జరపడానికి రెండు చేతిచక్రాలు, కత్తిని దించడానికి పైన మూడోది, అంతే దాని సంగతి. చేతులు తిప్పేదాన్ని మోటార్లతో తిప్పించాలనీ, మోటార్లకు కంప్యూటరు చేత చెప్పించాలనీ అతని ఆశ. రెండు మోటార్లు బిగించాడు. మూడోది డబ్బాలో ఉండగానే, ఒక జూన్ మధ్యాహ్నం, ఆ వెనక గదిలోనే గుండె ఆగి పోయాడు. పక్కన టీ చల్లారిపోయి ఉంది.

పోవడానికి ముందు ఎనిమిది నెలలు ఫెర్మీన్ ఆ వెనక గది దాటి రాలేదు. ఎందుకు రాలేదో కసిమీరాకూ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

పోయినవాళ్ళు మూడేళ్ళే ఇంటికి వస్తారు. మూడో ఏడు సాగనంపేస్తారు, ఆ తరవాత వాళ్ళ దారి వాళ్ళది. ఫెర్మీన్‌కు ఇది మూడోది. మొదటి రెండేళ్ళూ కసిమీరా అతని రొట్టెకు ఆ చప్పిడి ముక్కు మొహమే పెట్టింది. మరేం చేస్తుంది, ఉన్నవి అవే కదా! కానీ అత్తగారు దోన్యా ఉబాల్దా ఊరుకునే మనిషి కాదు. ఆవిడకు కళ్ళు దాదాపు పోయాయి, చెవులు మాత్రం పిల్లి చెవులు.

"వాడు గుమ్మం దాకా వచ్చాడే," అంది రెండో ఏడు. "లోపలికి రాలేదు. బల్ల దగ్గర ఎవడో పరాయివాడు కూర్చున్నాడనుకున్నాడు. బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. నేను విన్నాను."

"ఊరుకో అత్తా, అది గాలి."

"గాలికి బూట్లుంటాయా? వచ్చే ఏడు కూడా ఇదే పని చేశావంటే నా కొడుకు ఆకలితోనే పోతాడు. మళ్ళీ రాడు. గుర్తుపెట్టుకో."

ఆ మాట కసిమీరా గుండెలో ముల్లై దిగింది. ఇంకేముంది, స్క్రూడ్రైవరు పట్టుకుంది. నలభై ఆరేళ్ళ మనిషి, అంతవరకు కరెంటు బల్బు మార్చడం తప్ప ఏమీ ఎరగదు. అయినా మూడో మోటారు బిగించి, ఫెర్మీన్ రొట్టెకు ఫెర్మీన్ మొహమే పెట్టాలని పంతం పట్టింది.

ఆమెకు సాయం, అదే నోటితో ఎగతాళి కూడా, పక్కింట్లో రేడియోలు బాగుచేసే దోన్ సెనోన్. అతని కూతురి జ్ఞానస్నానానికి ఫెర్మీన్, కసిమీరా జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడ్డారు కాబట్టి ఒకరినొకరు కొమాద్రె, కొంపాద్రె అని పిలుచుకుంటారు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు కొత్త మోటారు తిరగలేదు. ఉన్నచోటే వణుకుతూ మూలిగింది. కసిమీరా గబుక్కున స్విచ్ తీసేసింది.

"భయపడకండి కొమాద్రె, దానికి జ్వరం రాలేదు. నాలుగు తీగల్లో జతలు తారుమారు చేశారు," అన్నాడు సెనోన్. "ఏ రెండు తీగలు కలిపితే ఇరుసు చేతికి బిగుసుకుంటుందో అవి జత. పట్టుకు చూడండి."

పట్టుకు చూసింది, జత దొరికింది, మోటారు తిరిగింది. తరవాత పది మిల్లీమీటర్లు జరగమంటే నాలుగే జరిగింది. లెక్క సరిచేస్తే ఎడమకి పొమ్మన్నది కుడికి పోయి చెక్కను పట్టే ఇనపదవడను కొరికి కత్తి విరగ్గొట్టుకుంది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఇదే తంతు. గోడంతా బొగ్గుతో రాసుకున్న గుర్తులే. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి.

అన్నీ కుదిరాక మిషను మొదటిసారి తనంతట తాను నడిచిన రోజున కసిమీరా నిలబడ్డచోటే నిలబడిపోయింది. మోటార్లు ఇరుసులకు వెనక చివర ఉన్నాయి. ముందువైపు చేతిచక్రాలు ఫెర్మీన్ వదిలిన చోటనే ఉన్నాయి. బల్ల జరుగుతుంటే అవి కూడా తిరుగుతాయి. మనిషి లేడు, పిడి తిరుగుతోంది. కొంచెం ముందుకి, ఆగి, కొంచెం వెనక్కి. ఫెర్మీన్ కూడా అలాగే తిప్పేవాడు, కొలత సరిపోయిందో లేదో అని ఆగి ఆగి.

పక్క గదిలోంచి ముసలావిడ కేక వేసింది. "ఫెర్మీన్ పని మొదలెట్టాడా? వాడికి టీ ఇచ్చావా?"

"మిషను అత్తా! మోటార్లు తిప్పుతున్నాయి."

"మోటారైతే అలా మధ్యలో ఆగి ఆలోచించదు," అంది ఆవిడ.

సెనోన్ ఆ పిడులు తీసెయ్యమన్నాడు. "తిరిగేటప్పుడు శాలువా చుట్టుకుందంటే మిమ్మల్నీ లోపలికి లాగేస్తుంది. మోటారుకి పిడి ఎందుకు చెప్పండి, చాదస్తం కాకపోతే?" కసిమీరా సరేనంది, తియ్యలేదు.

అక్టోబరు రెండోవారంలో అసలు పని మొదలైంది. ఫెర్మీన్ గుర్తింపు కార్డు మీది ఫొటో నుంచి సెనోన్ కంప్యూటరులో ఎత్తుపల్లాలు తీసి మొహం తయారు చేశాడు. ముప్పై ఐదేళ్ళప్పటి ఫెర్మీన్, మీసం, తీరైన పెదవులు. ఆమె పొద్దున తొమ్మిదింటికి బయట బల్ల సర్దుకుని, లోపల మిషను ఆన్ చేసేది. కత్తి నుదుటి దగ్గర మొదలుపెట్టి గీత గీతగా కిందికి దిగేది. నుదురు, కళ్ళు, ముక్కు. మధ్యాహ్నం పన్నెండుకు మూతి దగ్గరకు వచ్చేది.

వచ్చి ఆగిపోయేది.

ఒక రోజు కాదు, వరసగా నాలుగు రోజులు. చర్చి గంట పన్నెండు కొడుతుంటే గదిలో చప్పుడు ఠక్కున కోసేసినట్టు ఆగేది, పిడులు ఆగేవి, కత్తి మాత్రం పై పెదవి మీద గిర్రున తిరుగుతూ ఉండేది. మధ్యలో ఆగితే ఆ చెక్క పనికిరాదు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. నాలుగు చెక్కలు, నాలుగు మొహాలు, ఒక్కదానికీ నోరు లేదు. వాటిని గోడకు ఆనించి పెట్టింది కసిమీరా. అయిదో రోజున వాటిని చూడలేక గోడవైపు తిప్పేసింది.

"వాడికి చెప్పాలని ఉంది, నోరు రావడం లేదు," అంది అత్త.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, కాసేపు మాట్లాడకు!"

సెనోన్ వచ్చి లాంతరు పట్టుకుని మిషను కిందికి దూరాడు. చాలాసేపటికి కిందనుంచి పగలబడి నవ్వు వినిపించింది. గోరు మీద ఏదో పెట్టుకుని బయటికి వచ్చాడు. గులాబి రంగు కాగితం చుక్క, కందిగింజంత.

"కొమాద్రె, కార్నివాల్ పండగ మంగళవారం నాడు దీనికి చల్లా పూజ చేశారా?"

"చెయ్యకుండా ఎలా ఉంటాను? కొత్తగా పనిలోకి దిగే మిషను. నాలుగు మూలలా సారా చల్లాను, బీరు పోశాను, రంగు కాగితాలు జల్లాను. భూమితల్లికి చెప్పకుండా మొదలుపెడతామా?"

"చెప్పారు, బాగా చెప్పారు! బల్ల హద్దు దాటితే ఆపడానికి ఇక్కడొక కన్ను ఉంది. ఈ కాగితం చుక్క బీరు జిగురుతో దాని పక్కనే అంటుకుని వేలాడుతోంది. బల్ల మూతి వరసకు వచ్చేసరికి అదురుకి ఊగి కంటికి అడ్డం పడుతోంది. అది పాపం హద్దు దాటానేమో అనుకుని ఆగిపోతోంది. పూజ మీరు చేశారు, నింద పోయినవాడి మీద వేశారు."

"పొద్దున తొమ్మిదింటికి మొదలెడితే మూతి పన్నెండింటికి కాక ఎప్పుడొస్తుంది?" అని తనకు తానే చెప్పుకుని కసిమీరా కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం రోజుల్లో మొదటిసారి గుండెలమీంచి బరువు దిగింది.

మర్నాడు మిషను ఆగలేదు. పన్నెండు కొట్టినా పిడులు తిరుగుతూనే ఉన్నాయి. మీసం, పెదవులు, గడ్డం, అన్నీ దిగాయి. చెక్క రజను ఊది చూస్తే మూతి దగ్గర ఎక్కడో తేడాగా అనిపించింది. అచ్చులో మొహం తిరగబడి, గుంటగా ఉంటుంది కదా, చూసి పోల్చడం కష్టం. ప్లాస్టరు కలిపి పోసింది. అరగంట ఆగి బోర్లించి తట్టింది. మొహం అరచేతిలో పడింది.

ఎడమవైపు పెదవి చివర కిందికి జారి ఉంది.

సరిగ్గా అలాగే ఉండేది. పోవడానికి ఎనిమిది నెలల ముందు, ఒక తెల్లవారుజామున వేడి వేడి వంటింట్లోంచి చలిగాలిలోకి వెళ్ళి వచ్చాడు ఫెర్మీన్. గాలి కొట్టింది అంది అత్తగారు. కసిమీరా చూసేసరికి మూతి ఎడమపక్కకు జారిపోయింది. టీ తాగితే ఆ చివరనుంచి కారేది. అది కూడా అక్టోబరే, అమ్మకం మంచి ఊపు మీదున్న రోజులు. అతను ఎప్పటిలాగే బయట బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒకామె మొహాలు ఏరుతూ ఫెర్మీన్‌ను చూసి, "అచ్చులో చెడిపోయినవి కూడా పెట్టారే?" అని పకపకా నవ్వింది. కసిమీరాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ నవ్వినామె మీద పడాల్సిన కోపం మొగుడి మీద పడింది. "నువ్వు లోపలికి పో," అంది. "మొహాలమ్మే బల్ల దగ్గర ఆ మొహమేసుకుని కూర్చుంటావా?"

అతను లేచి లోపలికి వెళ్ళాడు. అంతే, మళ్ళీ బయటికి రాలేదు. సెనోన్ వచ్చినా గోడవైపు తిరిగి పడుకునేవాడు, మెడగుడ్డ ముక్కుదాకా లాక్కుని. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క ఫొటో లేదు. ఆ మూతి ఎంత మేర జారిందో లోకంలో ఇద్దరు ఆడవాళ్ళకే తెలుసు. ఇప్పుడు మిషనుకు కూడా తెలిసింది.

కసిమీరా సెనోన్‌ను పిలిచింది కానీ ఈ సంగతి చెప్పలేదు. మూతి వంకరగా వస్తోంది అని మాత్రం అంది. అతను కంప్యూటరులో చూశాడు, మూతి తిన్నగా ఉంది. కత్తి బదులు పెన్సిలు కట్టి కాగితం మీద గీయించాడు, తిన్నగా వచ్చింది. ఇరుసుల్ని మోటార్లకు కలిపే మరలన్నీ బిగించి చూశాడు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ చెక్క పెట్టారు. మూతి వంకరగానే దిగింది, అదే పక్కకు, అంతే మేర.

సెనోన్ మొహంలో నవ్వు పోయింది. "ఇది నాకు అంతు పట్టడం లేదు కొమాద్రె. మోటారు అడుగడుగుగా తిరుగుతుంది, ఒక అడుగు తప్పిందనుకోండి, తప్పిన అడుగు మళ్ళీ తిరిగి రాదు. మూతి జరిగితే దాని కింద గడ్డం కూడా జరగాలి. గడ్డం తిన్నగా ఉందే! పోయిన అడుగు మళ్ళీ దానంతటది ఎలా వచ్చింది?"

ఆమె పిడి వైపు చూసింది.

"సరే, ఎందుకో ఏమిటో మనకెందుకు?" అన్నాడతను. "అది ఎటు వంచుతోందో, కంప్యూటరులో మనం దానికి ఎదురువైపు వంచి ఇద్దాం. రెండూ కొట్టుకుపోయి తిన్నగా వస్తుంది." అలాగే చేశాడు. అలాగే తిన్నగా వచ్చింది. సెనోన్ తన వీపు తనే తట్టుకున్నంత పని చేసి ఇంటికి వెళ్ళాడు, కానీ వెళ్ళేటప్పుడు మిషనుకు వీపు చూపించకుండా వెనక్కి నడిచాడు.

ఆమె దగ్గర ఇప్పుడు రెండు అచ్చులున్నాయి. రెంటిలోనూ ప్లాస్టరు పోసి, తీరైన మొహాన్ని అత్త చేతిలో పెట్టింది. ముసలావిడ వేళ్ళతో నుదురూ ముక్కూ మీసమూ తడిమింది.

"బాగుంది. ఎవరి పిల్లాడే?"

"నీ కొడుకే అత్తా."

"నా కొడుకు పెళ్ళినాటి మొహంతో చచ్చిపోలేదు."

కసిమీరా రెండోది ఇచ్చింది. ఆవిడ వేళ్ళు మూతి దగ్గరకు వచ్చి ఆగాయి. తరవాత ఆవిడ శాలువా అంచు పైకి తీసి, ఆ ఎడమ చివర మెల్లగా తుడిచింది. ఆ ఎనిమిది నెలలూ రోజుకు ఇరవైసార్లు అలాగే తుడిచేది. ప్లాస్టరు ఇంకా తడి ఆరలేదు, అందుకే కాబోలు, శాలువా అంచు చెమ్మయింది.

"వచ్చావా నాయనా," అంది.

ముప్పై ఒకటో తారీఖున కసిమీరా పిండి పిసికి రొట్టెబొమ్మ చేసి వీధి పొయ్యికి తీసుకెళ్ళింది. రెండు మొహాలూ శాలువాలో ఉన్నాయి. తీరైనది పెడితే చూసేవాళ్ళు మెచ్చుకుంటారు, ఆమె తలెత్తుకు తిరుగుతుంది, పంతం పట్టిన రోజున అనుకున్నది కూడా అదే కదా. పొయ్యివాడు తొందరపెడుతున్నాడు. ఆమె వంకరమూతి మొహాన్ని తీసి పిండిలోకి గట్టిగా నొక్కింది.

మర్నాడు పొద్దున అందరూ ఇళ్ళలో బల్ల వేసుకుంటుంటే, కసిమీరా వీధిలో వేసింది. మొహాలమ్మే బల్ల మీదే, ఫెర్మీన్ కూర్చునే చోటే. నల్లగుడ్డ పరిచి, చెరుకుగడలు నిలబెట్టి, మంచినీళ్ళు, అతనికిష్టమైన వేరుశనగ పులుసు పెట్టి, మధ్యలో రొట్టెబొమ్మను వీధివైపు తిప్పి కూర్చోబెట్టింది. మిషను తీగ గోడనుంచి ఊడదీసి వచ్చింది, పండగపూట పొరపాటున ఎవరూ తగలకుండా.

పన్నెండుకు కొంచెం ముందు ఒక పొరుగామె ఆగింది. "అయ్యో కాసేరా, మూతి వంకరపోయిందే! అచ్చులో చెడినట్టుంది."

"చెడలేదు," అంది కసిమీరా. వీధి వీధంతా వినేట్టు చెప్పింది. "మా ఆయన మూతి అదే. గాలి కొట్టి అలా అయింది. సిగ్గుపడి నేనే లోపలికి పొమ్మన్నాను. తప్పు నాది." రొట్టెబొమ్మ వైపు తిరిగింది. "రా ఫెర్మీన్, ఇక్కడ కూర్చో. నలుగురూ చూడనీ."

గంట పన్నెండు కొట్టింది. వెనక గదిలోంచి చేతిచక్రం కిర్రుమంది. కొంచెం తిరిగి, ఆగి, ఇంకొంచెం తిరిగింది. తరవాత బూట్లు ఈడుస్తున్న చప్పుడు గది దాటి, నడవా దాటి, గుమ్మం దాటి బయటికి వచ్చింది. కసిమీరా వెనక్కి తిరిగి చూడలేదు. ముసలావిడ పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది.

ఆ రోజంతా, మర్నాడు పన్నెండు దాకా, వాళ్ళు ముగ్గురూ వీధిలోనే కూర్చున్నారని ముసలావిడ ఈనాటికీ చెబుతుంది. రెండో తారీఖున సమాధి దగ్గర పాటలు పాడించి, రొట్టెలు పంచి, ఫెర్మీన్‌ను కడసారి సాగనంపి వచ్చారు.

మూడో తారీఖు పొద్దున తొమ్మిదింటికి కసిమీరా మిషను ఆన్ చేసింది. వచ్చే ఏటికి కొత్త అచ్చులు కావాలి, పని ఆగకూడదు. సెనోన్ వంచి ఇచ్చింది కాదు, మొట్టమొదట తయారుచేసిన మొహమే పెట్టింది. అదే రకం చెక్క, అదే కత్తి. పిడులు తిరిగాయి. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఆలోచించకుండా, ఒకే వేగంతో తిరిగాయి. పన్నెండయింది, మూతి దాటింది. కసిమీరా రజను ఊది, ప్లాస్టరు పోసి, బోర్లించి తట్టింది.

"ఎలా వచ్చిందే?" అనడిగింది అత్త పక్క గదిలోంచి.

"తిన్నగా వచ్చింది అత్తా."

కసిమీరా పిడి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది, ఇనుములా ఉంది. ఫెర్మీన్ పోయిన రోజున కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. సెనోన్ గోడ అవతల చేస్తున్న పని వదిలి పరిగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చింది.